బొంబాయి నుంచి నాలుగు గంటలు

ఈ ఉదయం ఆరూ పదికి పనిమనిషి మా ఫ్లాట్ ఊడవడం మొదలుపెట్టింది. ఢిల్లీ బయల్దేరిన మా చెల్లెలు అప్పటికింకా రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టుకి కూడా చేరి ఉండదు. లేచిన దుమ్ము వాసనలోనే ఫోన్‌లో ముంబై నుంచి కువైట్ ఎంత దూరమో చూశాను. గాలిలో రెండువేల ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు. ప్రయాణం నాలుగు గంటలు.

రామచంద్రపురం దగ్గర మా అమ్మమ్మగారింట్లో, ఎవరైనా ప్రయాణమై వెళితే, వాళ్ళు చేరవలసిన చోటికి చేరేదాకా ఇల్లు ఊడిచేవారు కాదు. ముందే ఊడిస్తే వెళ్ళిన మనిషి అడుగులు కూడా ఊడ్చేసినట్టేనని, ఇక తిరిగి రారని అమ్మమ్మ భయం. కాకినాడ అయితే మధ్యాహ్నం దాకా, తణుకు అయితే సాయంత్రం దాకా చీపురు తలుపు మూలనే ఉండేది.

బాబాయి పోయాక పుట్టింటికి వచ్చేసిన మా మంగ పిన్ని, కువైట్‌లో ఇంటిపనికి కుదిరి, ఒక వేసవిలో రాజమండ్రిలో బొంబాయి రైలెక్కింది. ఆవకాయ పెట్టే రోజులు. మామిడి జీడి పెచ్చులు, మేం తిని పడేసిన ముంజెల తొక్కలు, వడగాలికి వసారాలోకి కొట్టుకొచ్చిన గడ్డిపరకలు, వాటి చుట్టూ చీమలు, ఇల్లంతా కాళ్ళకింద కరకరలాడేది. తిట్టేవాళ్ళు లేక పిల్లలం ఇంకాస్త పోశాం.

"ఇల్లా, కళ్ళమా ఇది? గేదెని కూడా లోపలే కట్టెయ్యవే," అన్నారు తాతయ్య.

"కడతాను. ముందు మంగ అక్కడ దిగిందని తెలియనియ్యండి."

మూడోరోజు పొద్దున్నే వీధి చివర మిల్లు ఫోనుకి పిన్ని బొంబాయి నుంచి చేసింది. మధ్యాహ్నం రెండింటికి విమానమట. కువైట్ వెళ్ళొచ్చిన పక్కింటి సత్తెమ్మని అడిగింది అమ్మమ్మ.

"రెండింటికి ఎక్కితే మూడున్నరకల్లా దిగిపోద్దండి, అత్తయ్యగారూ. నేను దిగినప్పుడు అక్కడి గోడ గడియారం చూశానండి."

"కాకినాడ బస్సు కంటే నయమే," అన్నారు తాతయ్య.

అరగంట అదనంగా ఆగి, దీపాలవేళ కాకముందే, నాలుగింటికి అమ్మమ్మ ఇల్లంతా ఊడ్చింది.

వారానికి పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. "ఇక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకమ్మా. మీకు ఆరైనప్పుడు దిగాన్నేను," అని నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. మిల్లు నుంచి ఇంటికొచ్చే దారిలో మా అమ్మతో ఒక్కమాటే అంది: "నేను ఊడ్చేటప్పటికి అది ఇంకా సముద్రం మీదే ఉందే."

రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి. మూడో వేసవిలో ఆగిపోయాయి. పని ఇచ్చినవాళ్ళు ఇల్లు మారారని ఎవరో అన్నారు. అక్కడినుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగాం. పిన్నిని చూశామన్నవాళ్ళు లేరు.

"అది క్షేమంగా దిగింది, నీతో మాట్లాడింది. చీపురుదేముందమ్మా?" అనేది అమ్మ. అమ్మమ్మ మాత్రం పిన్ని పడుకునే గదిలోకి ఆ తర్వాత చీపురు వెళ్ళనివ్వలేదు. ఏళ్ళ తరబడి అందులో పెంకుల సందుల్లోంచి రాలిన మట్టి పేరుకుంది. మంచం కింద చెదలు పట్టింది. తలుపు తీస్తే ఎండినాకు వాసన వేసేది.

అమ్మమ్మ పోయిన రోజు, వచ్చినవాళ్ళు కూర్చోవాలని, ఎవరో ఆ గది ఊడ్చేశారు. నేను వెళ్ళేసరికి ఆ చెత్త పెరట్లో కుప్పగా ఉంది. పిన్ని కబురు ఇప్పటికీ లేదు.

మా ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరు బయల్దేరినా, వాళ్ళు చేరేదాకా ఊడవకుండా ఆగడం లేదు. ఈ ఉదయం నేనూ పనిమనిషిని ఆగమనలేదు.