అత్త ఉత్తరంలో నేను చదవని వరుసలు

తొంభైల్లో, శామీర్‌పేటలో ఆరో తరగతి చదివే రోజులవి. భీవండి నుంచి మేనత్త రాసే ఉత్తరాలను చదువు రాని మా అవ్వకు నేనే చదివి పెట్టేదాన్ని. ఆ సాయంత్రం స్నేహితురాళ్లు ఆటకు పిలుస్తుంటే, ఎప్పుడూ ఉండే "అందరం మంచిగున్నం" అన్న మొదటి వరుస చదివి ఉత్తరం మడిచేశాను.

"గన్ని గీతలున్నయ్, గింతేనా బిడ్డా?" అంది అవ్వ.

"గంతే అవ్వా" అని, దాన్ని గోడ మీది తీగకు గుచ్చి పరుగెత్తాను. తీగకెక్కిన ఉత్తరాన్ని మా ఇంట్లో మళ్లీ ఎవరూ విప్పేవారు కాదు.

రెండు నెలలకు అత్త జబ్బుతో పోయిందని కబురొచ్చింది. "పానం బాగలేదని నా బిడ్డ ఒక్క మాటన్న రాయకపాయె" అని అవ్వ తాను పోయేదాకా కుమిలింది.

నా పెళ్లయ్యాక, ఆ పెంకుటిల్లు కూలగొట్టే ముందు సామాను తీస్తుంటే ఆ తీగ దొరికింది. అత్త చివరి ఉత్తరం విప్పాను. రెండో వరుసలోనే ఉంది.

"అమ్మా, నా పానం మంచిగుంటలేదు. నిన్ను సూడాలనుంది. జల్దీ వచ్చి పో."

ఖాళీ ఇంట్లో నిలబడి చివరి దాకా పైకే చదివాను. "గింతేనా" అని అడగడానికి అవ్వ లేదు.