అక్కయ్య దిగని రేవులు

దేవుడి పేరు చెప్పి మీరెప్పుడైనా ఎవరినైనా మోసం చేశారా? తొందరపడి తల అడ్డంగా ఊపకండి. నేను చేశాను. నేను మోసం చేసిన మనిషి పోయిన మంగళవారం పొద్దున మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద కన్నుమూసింది. ఆ ఊరి శివార్లలోని మా క్రెయిగీబర్న్ ప్రార్థన సహవాసంలో అందరం ఆమెను అక్కయ్య అనే పిలిచేవాళ్లం. సమాధి దగ్గర ఆమె గురించి మంచి మాటలు చెప్పే వంతు నాకే వచ్చింది. చెప్పాను. అక్కడ మింగేసినవి ఇక్కడ రాస్తున్నాను.

నేను వేదాంత కళాశాల మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. వారమంతా ట్రక్కు నడుపుతాను, ఆదివారం వాక్యం చెబుతాను. అద్దె హాల్లో మా సహవాసం మొదలైన రోజు నా ముందు కూర్చున్నది నలుగురు. వాళ్లలో అక్కయ్య ఒకరు. నా మొదటి ప్రసంగం గంటన్నర సాగింది. అయ్యాక చేతిలో టీ పెట్టి, "వాక్యం బాగుంది తమ్ముడూ. సగంలో ఆపితే ఇంకా బాగుండేది" అంది. నన్ను నా ముఖం మీద సరిదిద్దిన మనిషి ఆవిడ ఒక్కతే. ఈ రోజు నేను నలభై నిమిషాల్లో ముగించగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

కూరగాయలను గడ్డకట్టించి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో, కోల్డ్ రూమ్‌లో, పదిహేనేళ్లు పనిచేసింది. జనవరి ఎండకు మేం ఉడికిపోతుంటే ఆవిడ పెరట్లో ఉన్ని మేజోళ్లు ఆరేసి ఉండేవి. భర్త పోయి, పని మానేశాక ఒక కోరిక పుట్టింది. అలాస్కా ఓడ ఎక్కాలి.

"చలిలో బతికినదానివి, మళ్లీ చలి దేశం ఏంటక్కా?" అన్నాను.

"అది మనుషులు చేసిన చలి తమ్ముడూ. దేవుడు చేసిన చలి ఒకసారి చూసి పోతా."

ఓడల కంపెనీల రంగుల పుస్తకాలు భోజనాల బల్ల మీద పరిచి ఉండేవి. వాటిని పక్కకు జరిపి అన్నం పెట్టేది. ఆమె చూసిన ఓడలేవీ ఆమెకు నచ్చిన మూడు రేవులకూ కలిపి వెళ్లవు. అందుకని రేవులను పెళ్లిసంబంధాల్లా తూచేది. జూనోలో బస్సెక్కితే మంచునది ముఖం దాకా తీసుకెళ్తారట. స్కాగ్వేలో కొండ మీదికి రైలుంది గానీ ఓడ దిగిన ప్రతివాడూ దానికే ఎగబడతాడట. సిట్కా చిన్న ఊరు, దుకాణాలు తక్కువ, పాత చర్చి ఒకటుంది. వచ్చినవాళ్లందరినీ నీకేది ఇష్టం అని అడిగేది. ఎవరు ఏది చెప్పినా దానికి ఒక వంక పెట్టేది.

"మమ్మీ, జస్ట్ పిక్ వన్. ఇట్స్ ఎ హాలిడే, నాట్ ఎ మ్యారేజ్" అని కూతురు విసుక్కునేది.

"పెళ్లికి మీ తాతయ్య చూసి పెట్టాడే. ఇదైనా నన్ను చూసుకోనీ."

నాకు ఆ ప్రయాణం నచ్చలేదు. ఆదివారం ప్రసంగంలో ఆవిడ పేరు ఎత్తకుండా ఆవిడనే గురిపెట్టి, దేవుడి పనికి దూరంగా ఓడెక్కి పారిపోయిన ప్రవక్త గురించి నిప్పులు కురిపించాను. బయటికి వచ్చాక అక్కయ్య చెప్పులు వేసుకుంటూ అంది: "ఆ ప్రవక్త పని ఎగ్గొట్టి పోయాడు తమ్ముడూ. నేను లీవు పెట్టి పోతున్నా."

అసలు సంగతి చెబుతాను. ఓడ జూన్‌లో. జూన్ లాంగ్ వీకెండ్‌లో మా మూడు రోజుల ప్రార్థన కూటాలు. వచ్చే వందమందికి వంట అక్కయ్యది. ఆమె లేకపోతే నా కూటాలు ఏమవుతాయన్నదే నా భయం. దేవుడికి ఆ ఓడతో ఏ గొడవా లేదు.

మా సహవాసంలో ఒక అలవాటు ఉంది. ఇల్లు కొనాలన్నా, ఉద్యోగం మారాలన్నా, ఎటూ తేల్చుకోలేనప్పుడు ప్రార్థన చేసి చీట్లు వేస్తాం. ప్రభువు శిష్యులు, అపొస్తలులే వేశారు, మనమెంత అంటూ మొదలుపెట్టింది నేనే. రాసి మడిచేది సేవకుడు, అంటే వాక్యం చెప్పే నేను; తీసేది అడిగిన మనిషి. మిగిలిన చీట్లు విప్పి చూడకూడదు, అది దేవుణ్ణి పరీక్షించడం. ఆ నియమం పెట్టింది కూడా నేనే.

ఒక సాయంత్రం తన ఇంట్లోనే అక్కయ్య చీట్ల మీద మూడు రేవుల పేర్లు రాయమంది. దేవుడికి కాదనే అవకాశం కూడా ఇద్దాం, నాలుగో చీటీ మీద 'ఆగు' అని రాస్తానన్నాను.

"రాయి. ఆయన చేతులు కట్టేయడం ఎందుకు?" అంది.

నాలుగు చీట్ల మీదా 'ఆగు' అనే రాశాను. ఆ తర్వాత ఏడ్చి ప్రార్థించాను, నిజం కన్నీళ్లతోనే. దేవుడి నామాన్ని వ్యర్థంగా ఎత్తవద్దని రాతిపలక మీద చెక్కి ఇచ్చిన ఆజ్ఞ నాకు నోటికి వచ్చు. వచ్చి ఏం లాభం?

అక్కయ్య ఒకటి తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. "సర్లే. ఆగమంటే ఆగుతా. మంచు ఎక్కడికి పోద్ది" అని బల్ల మీది పుస్తకాలన్నీ దొంతర పెట్టి బీరువాలో సర్దింది. జూన్‌లో మూడు రోజులు వంట చేసింది. నా కూటాలు బ్రహ్మాండంగా జరిగాయి.

మరుసటి ఏడాది ఓడలు బయల్దేరే వేళకు ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. డాక్టరు ఓడ మాట ఎత్తనివ్వలేదు. ఒక రోజు నేను కారులో దింపుతుంటే అంది: "ఆగమన్నాడు గదా, ఎన్నాళ్లో కాస్త అడిగి చెప్పు తమ్ముడూ. నీతో మాట్లాడతాడుగా." దానికి నేను ఓర్పు గురించి ప్రసంగం చేశాను. ఆసుపత్రి గేటు వచ్చేదాకా చేశాను.

చివరికి మూడు వారాల కింద, ఆమె యంత్రానికి తగిలించుకుని కూర్చుని ఉండగా, చెప్పేశాను. అక్కయ్య పూర్తిగా విన్నది.

"నాలుగిటి మీదా అదే రాశావా?"

"అవునక్కా."

"మరి అంతసేపు ప్రార్థన ఎందుకు చేశావు? ఆ రోజు పొయ్యి మీద కూర మాడిపోయింది."

క్షమించమన్నాను. అక్కయ్య ముఖం నా వైపు తిప్పింది. కోపం లేదు, కళ్లలో నీళ్లూ లేవు.

"ఇప్పుడే చెప్పనులే. నువ్వు కూడా కొంచెం ఆగు."

ఆగాను. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నా పిల్లల చదువులు అడిగింది, నా దగ్గు తగ్గిందా అని అడిగింది, ఆ మాట మాత్రం ఎత్తలేదు. మంగళవారం వచ్చేసింది. మరణశయ్య మీద అందరూ అందరినీ క్షమిస్తారని నేను ఎన్ని సమాధుల దగ్గర చెప్పానో. ఇక చెప్పను.

నిన్న సాయంత్రం, పాతబట్టలు అమ్మే ఆప్ షాపు ముందు ట్రక్కు ఆపాను. కూతురు అక్కయ్య బట్టలు అక్కడే ఇచ్చిందట. లోపల అద్దం ముందు ఎవరో తెల్లావిడ ఎర్రటి చలికోటు తొడుక్కుని చూసుకుంటోంది. బొచ్చు టోపీ ఉన్న దళసరి కోటు. మెల్‌బోర్న్ చలికి అంత కోటు ఎవరూ కొనరు, అలాస్కా చలికైతే కొంటారు. చంకలో కొత్త లేబులు ఇంకా వేలాడుతోంది. ఆవిడ జిప్పు గడ్డం దాకా లాక్కుని, అటూ ఇటూ తిరిగి నవ్వుకుంది.

చదువుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను. దేవుడి పేరు చెప్పి, ఆచారం పేరు చెప్పి, మీ వంట కోసం, మీ పని కోసం మీరు ఎవరిని ఆపి ఉంచారు? భార్యనా, అమ్మనా, అత్తగారినా? కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి నొప్పించిన మనిషితో సమాధానపడమన్నాడు ప్రభువు. కానుక ఇవ్వడం పూర్తిచేసి వెళ్లమనలేదు. ఈ పేజీ కూడా పూర్తిచేయనక్కర్లేదు. లేవండి. ఆ మనిషి ఇంకా ఊపిరి తీస్తుండగానే, ఈ రోజే, నిజం చెప్పి తలుపు తీయండి.