నాలుగింటి ఎక్కాలు

పుష్పవతి టీచర్ ఫిన్లాండు వెళ్తోందని తెలిసినప్పుడు నందిగామలో ఆవిడ వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. వేలేసుకోదూ మరి! ముప్పయ్యేళ్లుగా పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కడం, సాయంత్రం అదే బస్సులో తిరిగి రావడం తప్ప ఆవిడ చేసిన ప్రయాణం ఎవరూ ఎరగరు. టీచర్ల జట్టుతో పది రోజులు పరాయి దేశపు బళ్లు చూసి రమ్మని పేరొస్తే, ముందు ఆవిడే నమ్మలేదు. నమ్మాక విజయవాడ వెళ్లి ఉన్ని కోటు కొనుక్కుంది. రెండు సీసాల గోంగూర పచ్చడి కూడా కట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

ఆవిడ పనిచేసే బడి జగ్గయ్యపేటకి ఈవలగా, హైవే దిగి మట్టిరోడ్డున లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊళ్లో ఉంది. రెండు గదులు, ఒక వరండా, నడుమెత్తు ప్రహరీ గోడ. గోడకి అవతల మిరప చేలు. ఐదు తరగతులకి ఇద్దరే మాస్టార్లు, పుష్పవతీ నవీన్‌బాబూ. నవీన్‌బాబు మంచి కుర్రాడే పాపం, కానీ పొద్దున సగం సేపు ఫోనుతోనే సరి. పిల్లల ఫోటో, వండిన అన్నం ఫోటో, కోడిగుడ్ల ఫోటో, చివరికి మరుగుదొడ్డి ఫోటో కూడా తీసి పైకి పంపాలి. పంపకపోతే పైనుంచి అక్షింతలు. ఇంక పాఠం చెప్పేది ఎప్పుడంటే, అదీ మధ్యమధ్యలో చెప్తారు.

ఆ బడికో ఆనవాయితీ ఉంది. సాయంత్రం నాలుగవుతుందనగా పిల్లలంతా వరండాలో నిలబడి గొంతెత్తి ఎక్కాలు చదువుతారు. ఒకళ్లు చెప్పిస్తారు, తక్కినవాళ్లు అంటారు. చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్లకి అదే గడియారం. ఎక్కాలు వినపడ్డాయంటే రైతు టీ పంపాల్సిందే. పంపకపోతే 'ఎక్కాలు కూడా అయిపోయినయ్, టీ ఏదయ్యా' అని నిలదీస్తారు. ఈ ఆనవాయితీ ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలీదు. పుష్పవతి ఉద్యోగంలో చేరేనాటికే ఉంది.

ఆ ఏడు ఎక్కాలు చెప్పించేది నాలుగో తరగతి గీతాంజలి. దాని అమ్మానాన్నా హైదరాబాదులో ఇళ్లు కట్టే పనిలో ఉంటే, ఇక్కడ నాయనమ్మ బసవమ్మ దగ్గర పెరుగుతోంది. బసవమ్మ కూలికి వెళ్లేది బడి పక్క చేలోకే. మనవరాలి గొంతు కంచు మోగినట్టుండేది. దానికి తగ్గట్టు ఈవిడ అటు సాలులో కాయలు కోస్తూ, పక్కవాళ్లు వినకపోయినా, 'అదిగో మా పిల్ల' అనేది.

ఇక ఫిన్లాండు సంగతి. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఆ దేశంలో ఒక పల్లెటూరి బడిలో పుష్పవతి నాలుగు రోజులు కూర్చుంది. పిల్లలు బూట్లు బయట విడిచి మేజోళ్లతో తిరుగుతున్నారు. ప్రతి పాఠం తర్వాత, మంచు కురుస్తున్నా సరే, బయటికెళ్లి కాసేపు ఆడుకుంటున్నారు. ర్యాంకుల్లేవు. హోంవర్కు ఉందో లేదో అన్నట్టుంది. మధ్యాహ్నం బళ్లోనే భోజనం పెడుతుంటే, 'ఇది మాకూ ఉంది' అని గర్వంగా చెప్పుకుంది. అన్నింటికంటే ఆవిణ్ని కదిలించింది ఐనో అనే అక్కడి టీచరమ్మ పద్ధతి. ఆ అమ్మాయి గొంతు పెంచదు. పిల్లాడు జవాబు కోసం తడుముకుంటుంటే అందివ్వదు, అలాగే ఆగుతుంది. తనిఖీకి ఎవరొస్తారని అడిగితే, ఎవరూ రారంది.

"టీచర్ చెప్తే ఊరు నమ్ముతుంది. అది మా తాతల నాటినుంచీ మెల్లగా కుదిరింది. మరి మీ బడి బాగా నడుస్తోందని మీ ఊరివాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది ఐనో.

ప్రోగ్రెస్ కార్డులనీ, తల్లిదండ్రుల మీటింగులనీ పుష్పవతి తడుముకోకుండా చెప్పేసింది. చెప్పి మర్చిపోయింది. ఆ దేశంలో చూసిందంతా మూటగట్టుకుని, ఆ ఒక్క ప్రశ్ననీ అక్కడి మంచులోనే వదిలేసి వచ్చింది.

తిరిగొచ్చాక బస్సులో వీరేంద్ర మాస్టారితో రోజూ వాదనే. ఆయనదీ నందిగామే, పేటలో లెక్కలు చెప్తాడు, అంతకు ముందేడు సింగపూరు చూసొచ్చాడు.

"పన్నెండేళ్లకే పెద్ద పరీక్ష పెడతారండీ అక్కడ. ఏడాదంతా సాధనే సాధన. అందుకే లెక్కల్లో ప్రపంచానికి పాఠం చెప్తున్నారు. మీ ఫిన్లాండు వాళ్లేమో ఆడుకోమంటారా?"

"ఆడుకుంటూనే వాళ్లూ పైకొచ్చారుగా మాస్టారూ."

"అయితే మనం ఎవర్ని చూసి వాత పెట్టుకోవాలంటారు? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?" అనేవాడాయన. బస్సులో నలుగురూ నవ్వేవారు. పుష్పవతి కూడా నవ్వేది గానీ లోపల మండేది. పేరుమోసిన ఆ రెండు దేశాలూ ఒకదానికొకటి ఎదురు దారుల్లో నడుస్తున్నాయన్న మాట ఆవిడకి మింగుడు పడేది కాదు.

ఒకరోజు గీతని పిలిచి, పన్నెండుని ఏడుతో గుణిస్తే ఎంతే అని అడిగింది. పిల్ల కళ్లు మూసుకుని 'పన్నెండొకట్ల పన్నెండు, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు' అంటూ మొదట్నించీ అందుకుంది. మధ్యలో ఎవరో తలుపు తోస్తే మాట తెగిపోయి, మళ్లీ మొదటికొచ్చింది. బడికంతటికీ ఎక్కాలు చెప్పించే పిల్లకి ఎక్కమంటే ఏంటో తెలీదని ఆ పూట పుష్పవతికి అర్థమైంది. ముప్పయ్యేళ్లుగా తను చెప్పింది ఇదేనా అనుకుంది.

మర్నాటినుంచి నాలుగింటి ఎక్కాలు బంద్. వాటి బదులు చింతగింజలు, గులకరాళ్లు, గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు. ఇద్దరు ముగ్గురు చొప్పున గుంపులుగా కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటూ లెక్కలు చేయడం. పుష్పవతి గొంతు తగ్గించింది, పిల్లలూ తగ్గించారు. నెల తిరిగేసరికి బెన్ని అనే మొద్దబ్బాయి కూడా 'మేడమ్, ఇది ఇలా కూడా వస్తుంది' అని రెండో దారి చూపించాడు. ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు.

"మేడమ్, ఊళ్లో వాళ్లకి ఒక మాట చెప్దామా?" అన్నాడు నవీన్‌బాబు.

"చెప్పేదేముందయ్యా, పిల్లల్ని చూస్తే వాళ్లకే తెలుస్తుంది" అంది పుష్పవతి. తప్పంతా ఆ మాటలోనే ఉంది.

అసలే ఆ ఏడు బడి తల మీద కత్తి వేలాడుతోంది. పిల్లలు ఇంకా తగ్గితే మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తీసుకెళ్లి హైవే అవతలి హైస్కూల్లో కలిపేస్తారని ఎంఈఓ ముందే చెవిన వేశాడు. అంటే ఎనిమిదేళ్ల పిల్లలు రోజూ రెండుసార్లు సిమెంటు లారీల మధ్య రోడ్డు దాటాలి. కిందటేడే ఆ రోడ్డు మీద ఒక గేదె రెండు ముక్కలైంది. రిటైరయ్యేలోగా తన బడిని సగం చేసి వెళ్లానన్న మాట పడకూడదని పుష్పవతికి ఒకటే దిగులు.

ఫిబ్రవరి వచ్చింది. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. పేటలోని ప్రైవేటు స్కూళ్ల వాళ్లు టైలు కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఇద్దరు పిల్లలు అప్పటికే వ్యానెక్కారు. ఒక గురువారం మధ్యాహ్నం బసవమ్మ బడికొచ్చింది. చేతులకి మిరప ఘాటంటుకుని ఉందేమో, కొంగుతో తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏం బసవమ్మా, లోపలికి రా. కూర్చో."

"కూర్చోనులే టీచరమ్మా. పిల్ల టీసీ కాయితం కావాల. వ్యానులో పంపుదారని."

"ఎందుకు? గీతకిక్కడ ఏం తక్కువైంది?"

బసవమ్మ నొచ్చుకుంటూనే చెప్పింది. "నీ మీద కోపం కాదమ్మా. నువ్వు మంచిదానివే. బడే మూగబోయింది. సంక్రాంతికి ముందునుంచీ చూస్తన్నా, ఒక్క ఎక్కం ఇనపళ్లా. పిల్లనడిగితే గింజలతో ఆడుకున్నాం అంటది. నాకు చదువు రాదు. ఆ బుక్కులో ఏం రాశారో నాకేం తెలుసుద్ది? చేలో ఉండి ఇనేదాన్ని, మా పిల్ల చదువుకుంటందిలే అనుకునేదాన్ని. ఇప్పుడు ఏం అనుకోవాల?"

మంచు కురుస్తున్న కిటికీ పక్కన ఐనో అడిగిన ప్రశ్న పుష్పవతికి అప్పుడు గుర్తొచ్చింది. మీ ఊరివాళ్లకి ఎలా తెలుస్తుంది? ప్రోగ్రెస్ కార్డు మీద బసవమ్మ ఎప్పుడూ వేలిముద్రే వేసేది. మీటింగులకొచ్చి వెనక వరసలో కూర్చుని తలూపి వెళ్లేది. ఆవిడకి బడి తెలిసిందల్లా చెవులతోనే. ఆ ఒక్క దారినీ తన చేతులతో తనే మూసేసింది.

"రేపు నాలుగింటిదాకా ఆగు బసవమ్మా. ఆ తర్వాత కూడా నువ్వు కావాలంటే, నేనే రాసి సంతకం పెట్టి ఇస్తా" అంది.

బసవమ్మ సరేనని వెళ్లింది. ఆ సాయంత్రం బస్సులో వీరేంద్ర మాస్టారు ఏదో సింగపూరు ముచ్చట మొదలెడితే, "మాస్టారూ, వాళ్ల సాధన వెనకా వీళ్ల ఆట వెనకా వాళ్ల వాళ్ల ఊళ్లున్నాయండీ. మనం బళ్లు చూసొచ్చాం గానీ ఊళ్లు చూళ్లేదు" అంది. సంత సంచులతో బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు నాలుగవుతుందనగా పిల్లలందర్నీ వరండాలో కాకుండా ప్రహరీ గోడ దగ్గర, చేలకి ఎదురుగా నిలబెట్టింది. ముందు పన్నెండో ఎక్కం అందుకోమంది. రెండు నెలల తర్వాత ఆ గొంతులు లేచేసరికి సాళ్లలో వంగిన నడుములన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. ఎక్కం అయ్యాక గీత ఒక్కతే ముందుకొచ్చింది.

"నాయనమ్మా, ఏడు సాళ్లుండి, సాలుకి పన్నెండు మొక్కలుంటే మొత్తం ఎన్నో, ఎక్కం చదవకుండానే చెప్పొచ్చు. ఏడు పదులు డెబ్బై. ఏడు రెళ్లు పద్నాలుగు. రెండూ కలిపితే ఎనభై నాలుగు. రోజూ గింజలతో మేం చేసేది ఇదే."

అవతలి సాలునుంచి ఒకావిడ, "సాలుకి పద్దెనిమిదుంటేనో?" అంది. వేళాకోళానికే అంది.

పద్దెనిమిదో ఎక్కం గీతకి రాదు. ఆ బళ్లో ఎవరికీ రాదు. పిల్ల నోరు తెరిచి మూసింది. పుష్పవతి నాలుక చివరి దాకా వచ్చిన జవాబుని పళ్ల బిగువున ఆపుకుంది. నవీన్‌బాబు ఫోను జేబులో పెట్టేశాడు. గీత వేళ్లు గోడ మీద ఏదో గీస్తున్నాయి.

"ఏడు పదులు డెబ్బై" అంది మెల్లగా. "ఏడు ఎనిమిదులు యాభై ఆరు. కలిపితే... నూట ఇరవై ఆరు."

అందరూ బసవమ్మ వైపు చూశారు. అది ఒప్పో తప్పో ఆవిడకి తెలీదు. చేలో ఉన్న చాలామందికి తెలీదు. బసవమ్మ మనవరాలి మొహం చూసింది, ఆ తర్వాత గోడవతల నిలబడ్డ టీచర్ వైపు తిరిగింది.

"నిజమేనా టీచరమ్మా?"

"నిజమే బసవమ్మా. దానికి నేను చెప్పలేదు. అదే కట్టుకుంది."

బసవమ్మ ఒక్క క్షణం ఆవిడ కళ్లలోకే చూసింది. "నువ్వు చెప్తే సరే" అంది.

ఐనో వాళ్ల తాతలనాటినుంచీ కుదిరిందని చెప్పింది ఈ మాటే కదా అనిపించింది పుష్పవతికి. గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

అవతల రైతు మనిషి టీ క్యానుతో గట్టు మీదుగా వస్తున్నాడు. బసవమ్మ ఒళ్లో సంచి సర్దుకుని మళ్లీ సాలులోకి వంగింది. వంగి, తల తిప్పకుండానే కేకేసింది.

"ఆ కాయితం రాయమాకమ్మా. రేపట్నించి కాస్త గట్టిగా చెప్పించు. ఆ చివర చేలో వాళ్లకి ఇనపళ్లేదంట."