పురుషోత్తం విన్న ఫిన్లాండ్

పురుషోత్తం ఇరవై ఆరేళ్ళు సుత్తి పక్కన నిలబడి పనిచేశాడు. సంతోష్‌నగర్‌లో ఆయన ఇంటికి సైకిల్ మీద పావుగంట దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ కర్మాగారంలో, ఇనుము సాగగొట్టే షాపులో ఆయన ఉద్యోగం. కొలిమిలో ఎర్రగా కాగిన దిమ్మను పట్టుకారుతో తీసి దాగలి మీద పెట్టగానే, టన్ను బరువున్న యంత్రపు సుత్తి పైనుంచి దబ్బున పడేది. నేల అదిరేది. దవడలు అదిరేవి. చెవులకు పెట్టుకోమని తొడుగులు ఇచ్చారు గానీ, అవి పెట్టుకుంటే క్రేను నడిపేవాడి కేక వినపడదని ఎవరూ పెట్టుకునేవాళ్ళు కాదు. పురుషోత్తం అయితే కాస్త దూది కుక్కుకునేవాడు, అదీ గుర్తున్న రోజు.

యాభై రెండో ఏట, ఒక ఆదివారం పొద్దున పేపరు చదువుతూ కూర్చున్నవాడు లేచి వీధిలోకి వెళ్ళి చూసి వచ్చాడు.

"ఎవరింట్ల నడుస్తుందే గా గ్రైండింగు? పొద్దుగాల పొద్దుగాల ఏంది లొల్లి?" అన్నాడు భార్యతో.

సావిత్రి చేతిలో కొత్తిమీర కట్ట పట్టుకుని కాసేపు చెవి ఒగ్గి వింది. "ఏ గ్రైండింగు? ఏం లేదు గదా" అంది.

ఆ మోత ఆ రోజు ఆగలేదు. మరునాడూ ఆగలేదు. సన్నటి ఇనుప తీగను ఎవరో రాయి మీద ఎడతెగకుండా గీస్తున్నట్టు, రెండు చెవుల్లోనూ, నిద్రలేచింది మొదలు. దానితో పాటు ఇంకోటి కూడా బయటపడింది. మనుషుల మాటల్లో కొన్ని అక్షరాలు ఆయనకు అందడం లేదు. "చారు పొయ్యాల్నా" అంటే "ఆరు ఎందుకు" అనేవాడు. మొదట్లో ఇంట్లో నవ్వుకున్నారు.

చెవి డాక్టరు ఆయనను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. చిన్న వయసు డాక్టరమ్మ, మాట నెమ్మది. కాగితం మీద దిగజారిపోతున్న వినికిడి గీతను కూతురు నందినికి చూపించింది.

"నరం దెబ్బతిన్నది. మిషన్ల సౌండుకే. పోయింది మళ్ళ రాదు. చెవిల మోతకు మందంటూ లేదు, అలవాటు చేసుకోవాలె. వాన చప్పుడో, ఫ్యాన్ చప్పుడో సన్నగ పెట్టుకుంటె కొంచెం మరుపు వస్తది."

కర్మాగారంలో ఆయనను సుత్తి దగ్గర నుంచి తీసి, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అందరూ అదృష్టమన్నారు. అక్కడ నిశ్శబ్దం ఎక్కువ. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉంటే చెవిలో తీగ అంత గట్టిగా గీసేది. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పినా బయటికి కనపడే నొప్పి కాదు.

నందినికి ఇరవై రెండేళ్ళు. ఐ.ఎస్.సదన్ దగ్గర ఒక రక్తపరీక్షల సెంటర్లో రిసెప్షన్‌లో పనిచేసేది. తండ్రి అన్నం ముందు కూర్చుని నుదురు పట్టుకోవడం చూసి, ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్లో వాన చప్పుడు వెతికి, కొత్త ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో తానే పెట్టింది. ఎక్కడో ఉత్తరాన దేవదారు అడవిలో వాన. పురుషోత్తం కళ్ళు మూసుకుని గోడకు ఒరిగాడు. నందిని బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది.

ఆమె దిగి వచ్చేసరికి తండ్రి నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద. కళ్ళలో నీళ్ళు.

"బాపూ! ఏమైంది?"

ఆయన ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆమెకిచ్చాడు. వాన అయిపోయి, ఫోను తనంతట తాను ఇంకో వీడియోకు వెళ్ళింది. అది కూడా వానతోనే మొదలైనట్టుంది. కానీ ఇప్పుడు అందులో డ్రమ్ములు దడదడలాడుతున్నాయి, గిటార్లు రంపాల్లా కోస్తున్నాయి, ఎవడో గొంతు చించుకుని అరుస్తున్నాడు. నందిని ఉలిక్కిపడి తీసేసింది.

"అయ్యో, బంద్ చేస్త ఆగు."

"వద్దు," అన్నాడు పురుషోత్తం. "మోత పోయింది బిడ్డా. రెండేండ్లకు ఇయ్యాల పోయింది. గిదే ఉంచు."

ఆ బ్యాండు పేరు హల్లా. ఫిన్లాండ్ దేశం వాళ్ళది. వాళ్ళ భాషలో హల్లా అంటే పంటను మాడ్చేసే మంచు అని నందిని వెతికి చెప్పింది. పురుషోత్తానికి ఆ దేశం ఎక్కడుందో తెలియదు. పటంలో చూపిస్తే, "గింత పైననా" అన్నాడు.

మోతను కప్పుకోవడానికి మొదలుపెట్టిన పని నెల తిరిగేసరికి ఇష్టంగా మారింది. ఆ పాటల మాటలు ఆయనకు అర్థం కావు, కానీ డ్రమ్ము కొట్టేవాడి పని అర్థమయింది. రెండు కాళ్ళతో రెండు తొక్కుడు పలకలను తొక్కుతూ దెబ్బలు వేస్తున్నాడు. సుత్తి నడిపే వాడికి కాలి కింద ఉండే పలక ఎలాంటిదో పురుషోత్తానికి తెలుసు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఆగాలో, ఆగకపోతే ఇనుము ఎలా పగులుతుందో తెలుసు. ఒక బ్యాండు నుంచి ఇంకో బ్యాండుకు వెళ్ళాడు. అంత చిన్న దేశంలో అన్ని బ్యాండ్లు ఎందుకున్నాయో ఆయనకు అంతు పట్టలేదు. నత్తనడకన వాయించేవాళ్ళు ఉన్నారు, ఒక్కో పాట ఇరవై నిమిషాలు. పల్లెపాటల వరసను గిటార్ల మీద ఎక్కించినవాళ్ళు ఉన్నారు. రౌతాసిల్తా అనే బ్యాండులో ఒకావిడ, ముందు సావిత్రి బతుకమ్మ పాట ఎత్తుకున్నంత మెత్తగా మొదలుపెట్టి, సగం దాటాక గొంతు మార్చి గర్జించేది. ఆ ఒక్క పాటను ఆయన వారం రోజులు విన్నాడు.

కర్మాగారంలో ఆయన పాత జోడీ రామ్‌చందర్ ఇంకా సుత్తి దగ్గరే ఉన్నాడు. ఒకరోజు క్యాంటీన్‌లో పురుషోత్తం అతని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాడు. రామ్‌చందర్ అర నిమిషం విని తీసేశాడు.

"ఏందన్నా ఇది, పాటనా, మన ఫస్ట్ షిఫ్టా? బ్యాండ్ పేరేంది?"

"హల్లా."

"పేరే హల్లా అని పెట్టుకున్నంక ఇంక లొల్లి గాక ఏముంటది!"

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ పురుషోత్తమే నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా రోజులయింది.

నందినితో ఇంగ్లీషులో రాయించి హల్లా పాట వీడియో కింద ఒక మాట పెట్టించాడు: నేను హైదరాబాద్‌లో ఇరవై ఆరేళ్ళు సుత్తి షాపులో పనిచేశాను, మీ డ్రమ్ములు వింటే నా షాపులో ఉన్నట్టుంది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది, ఆ డ్రమ్ము వాయించే అతని దగ్గర నుంచే. మా నాన్న కూడా ఉక్కు కార్ఖానాలో పనిచేశాడు, మా పాట ఆయన ఎప్పుడూ పూర్తిగా వినలేదు, మీరు విన్నందుకు సంతోషం, అని. పురుషోత్తం ఆ జవాబును నందినితో రెండుసార్లు చదివించి సావిత్రికి వినిపించాడు. "మంచోడే పాపం," అందామె. "జుట్టే అట్ల పెంచుకున్నడు."

పది నెలలు అలా గడిచాయి. ఆ పది నెలల్లో ఫోన్లో శబ్దం గీత కొంచెం కొంచెంగా పైకి జరిగింది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మనిషి తింటున్నాడు, మాట్లాడుతున్నాడు, అది చాలనుకున్నారు.

మళ్ళీ పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. కిందటి గీత కంటే కొత్త గీత బాగా కిందికి ఉంది.

"ఏమన్న పెట్టుకుంటున్నరా చెవులకు?"

పురుషోత్తానికి ప్రశ్న సరిగ్గా వినపడలేదు. నందిని చెప్పింది, ఇయర్‌ఫోన్లని.

"ఎంత సేపు?"

"పొద్దుగాల రెండు గంటలు. డ్యూటీల కొంచెం. ఇంటికొచ్చినంక..."

"సౌండ్ ఎంత పెడ్తరు?"

డాక్టరమ్మే ఫోను అడిగి తీసుకుని చూసింది. శబ్దం గీత చివరిదాకా ఉంది.

"సన్నగ పెట్టుకొమ్మని చెప్పిన కదమ్మా నేను."

"సన్నగ పెడితె మోత పోతలేదంట మేడం," అంది నందిని. "మిషన్లతోని ఎంత పోయింది, దీనితోని ఎంత పోయింది? చెప్పుండ్రి మేడం. దీనితోని ఎంత?"

"అట్ల విడదీసి చెప్పలేం. మిషన్ల దెబ్బనే పెద్దది. కాని ఇది కూడ కలిసింది. ఇయ్యాల్టి నుంచి పూర్తిగ బంద్ చెయ్యాలె. ఉన్నది కాపాడుకుందాం."

ఆటోలో వస్తూ నందిని ఏడ్చింది. పురుషోత్తం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఏమంటున్నదో ఆయనకు ఆటో చప్పుడులో వినపడలేదు. "నువ్వేం చేసినవ్ బిడ్డా, నీ తప్పేం లేదు" అని మాత్రం రెండు మూడు సార్లు అన్నాడు. నిజానికి ఆమె అప్పుడు అడుగుతున్నది వేరే, మందులచీటీ ఎక్కడ పెట్టావని.

సావిత్రి ఆ సాయంత్రమే ఇయర్‌ఫోన్లు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. ఎక్కడ పెట్టిందో ఆయనకు తెలుసు. తీయలేదు. నందినికి మాటిచ్చాడు కాబట్టి.

తీగ మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా గట్టిగా. నాలుగో రోజుకు పనిముట్ల కిటికీ దగ్గర రామ్‌చందర్ పదిహేను నంబరు పానా అడిగితే పదిహేడు నంబరుది ఇచ్చాడు. సెలవు పెట్టమన్నారు. సెలవులో ఇంట్లో ఉండలేక పొద్దున్నే సైకిల్ తీసుకుని బయలుదేరేవాడు. శాలిబండ దాటాక ఒక గల్లీలో ఇనుప ట్రంకు పెట్టెలు చేసే దుకాణాలు ఉన్నాయి. పొద్దంతా రేకుల మీద సుత్తులు పడుతూనే ఉంటాయి. అక్కడ ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. రెండో రోజు ఒక దుకాణదారు పని ఆపి దగ్గరికి వచ్చాడు.

"క్యా హోనా భాయ్? పెట్టీ హోనా?"

పెట్టె కావాలా అంటున్నాడని పురుషోత్తం అతని పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. ఏమీ వద్దు, ఊరికే కూర్చున్నానని చెప్పాడు. "కుచ్ నక్కో భాయ్. ఐసేచ్ బైఠా."

అతను ఒక నిమిషం ఈయన ముఖం వైపు చూసి, లోపలికి వెళ్ళి చాయ్ పంపించాడు. అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు వెతుక్కుంటూ వచ్చిన నందిని ఆయనను అరుగు మీద చూసింది. ఇది కూడా మోతే కదా, ఇది కూడా చెడుపే కదా అని చెప్పడానికే వచ్చింది. కానీ ఆయన చాయ్ తాగడం అయ్యేదాకా పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో కుడి చెవి పూర్తిగా పోయింది. నొప్పి లేదు, ఏమీ లేదు. లేచి చూసేసరికి ఆ వైపు ఏమీ లేదు. ఎడమ చెవికి వినికిడి మిషను పెట్టారు. దానితో సావిత్రి పిలుపు వినపడింది. ఆమె సంతోషంతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక సాకు మీద పిలుస్తూనే ఉంది. ఆయన ప్రతిసారీ "ఆఁ" అన్నాడు.

వారానికి ఒక్కసారి, సన్నగా, ఫోను బల్ల మీద పెట్టి వినొచ్చని డాక్టరమ్మ ఒప్పుకుంది. నందిని రౌతాసిల్తా పాట పెట్టింది. పురుషోత్తం ముందుకు వంగి విన్నాడు. మిషనులోంచి వచ్చేది రేకును నేల మీద ఈడ్చినట్టుంది. ఆడమనిషి గొంతు ఎక్కడా లేదు. గిటారు లేదు. అడుగున ఎక్కడో డ్రమ్ము మాత్రం, పక్కింట్లో ఎవరో రోకలి దంచుతున్నట్టు.

"ఎట్లుంది బాపూ?"

"మంచిగనే ఉంది," అన్నాడు. కాసేపటికి, "బంద్ చెయ్ ఇగ," అన్నాడు.

తరువాత పాట పెట్టమని ఆయన ఎప్పుడూ అడగలేదు. కానీ ఒక రోజు ఆయన ఫోనులో ఏదో సరిచేస్తూ నందిని చూసింది. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. కొత్త బ్యాండ్లు, పేర్లు, ఊళ్ళు, వాళ్ళ ఫొటోలు. ఒక్క వీడియో కూడా నొక్కలేదు. మంచులో నిలబడ్డ నలుగురైదుగురు మనుషుల ఫొటోలను వరసగా పెట్టుకున్నాడు.

"వినకుండ ఏం చేసుకుంటవ్ బాపూ ఇవన్ని?" అని ఆయన ఎదురుగా వచ్చి అడిగింది.

"ఇంకెంతమంది ఉన్నరో చూస్తున్న," అన్నాడు పురుషోత్తం. "మస్తుమంది ఉన్నరు నందినీ. నాకు తెల్వనోళ్ళే ఎక్కువున్నరు." ఒక ఫొటో ముందుకు జరిపాడు. "వీళ్ళ పేరు ఎట్ల పలుకుతరు? చదువు."

ఆమె చదివింది. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. ఆమె ఇంకోసారి, ఇంకా గట్టిగా చదివింది. ఆయన ఆమె పెదాల వైపు చూస్తున్నాడు గానీ, ఆ పేరు ఆయన ఎన్నడూ ఎరగని భాషలోది. పెదాలను బట్టి పట్టుకోవడం కుదరలేదు. మూడోసారికి తల అడ్డంగా ఊపాడు.

నందిని పక్కనున్న పేపరు తీసుకుని, అంచున ఖాళీ ఉన్నచోట పెద్ద తెలుగు అక్షరాలతో ఆ పేరు రాసి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు.