బండ్లు మెల్లగా వెళ్ళే మలుపు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ నుంచి మా గల్లీలోకి తిరిగే మలుపులోనే మా కిరాణా దుకాణం. గల్లా దగ్గర కూర్చుంటే రోడ్డంతా కనబడుతుంది. ఎవరు ఎవరితో పోట్లాడుకున్నారో, ఎవరి బండి ఎవరికి తగిలిందో నాకు తెలియకుండా ఈ మలుపులో ఏదీ జరగదు. అందుకని శివయ్య గురించి చెప్పాల్సింది నేనే. ఇంకెవరైనా చెబితే కట్టుకథ అంటారు. నేను చెప్పినా కొందరు అంటూనే ఉన్నారు, అననివ్వండి.

శివయ్య ఆర్టీసీలో సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఎవరో అడ్డం వస్తారన్నట్టు అటూ ఇటూ చూస్తూ నడుస్తాడు. మాట తక్కువ. ఆయన మాట్లాడాల్సినవి కూడా భార్య విమలాదేవే మాట్లాడేది. మా దుకాణంలో పప్పు మంచిది కాదని మొహం మీదే చెప్పి, మళ్ళీ అదే పప్పు కొనుక్కుపోయే మనిషి.

రెండేళ్ళ కింద ఆమె మార్కెట్ నుంచి వస్తూ ఈ మలుపు దగ్గరే రోడ్డు దాటుతుంటే ఒక బండి గుద్దేసి పోయింది. ఆపనైనా ఆపలేదు. ఆమె అక్కడికక్కడే పోయింది. శివయ్య స్పీడ్ బ్రేకర్ వేయించండని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఆ మలుపు దాటితేనే బడి. ఆయన మనవరాలు మున్నీ, గల్లీలోని పిల్లలందరూ రోజూ దాటాల్సింది అక్కడే. చూస్తాం, చేస్తాం అన్నారంతా. ఎవరూ రాలేదు.

అప్పుడు ఆయన తనకు తెలిసిన పని తాను చేశాడు. రోజూ తెల్లవారుజామున నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, నాలుగు ఎండుమిరపకాయలు, ఒక బొగ్గుముక్క కలిపి రోడ్డు నడిమధ్యన పెట్టసాగాడు. దిష్టి తీసి మూడు బాటల దగ్గర పడేయడం మనవాళ్ళకు కొత్త కాదు. దాని మీదుగా బండి పోనిచ్చే మొగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. లారీలు, ఆటోలు, మోటార్ సైకిళ్ళు, అన్నీ అక్కడికి రాగానే నెమ్మదించి, పక్కకు జరిగి, మెల్లగా పోయేవి.

"ఏంది శివయ్యా, ఎవరికి దిష్టి తీస్తున్నవ్ రోజూ?" అని ఆటపట్టించాను ఒకసారి.

"రోడ్డుకు సేటూ," అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇలా ఉండగా, బండ్ల జోరు తగ్గించేలా బస్తీ రోడ్లను కొత్తగా డిజైన్ చేస్తారని, ఆ పని ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారని తెలిసింది. కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. కంపెనీ తరఫున తనూజ అనే ఇంజనీరు వచ్చింది. పక్కనే ఉన్న సైదాబాద్ అమ్మాయే, చురుగ్గా ఉంది. ఎక్కడెక్కడ స్పీడ్ బ్రేకర్లు వస్తాయో చెప్పుకుంటూ పోయింది. మా మలుపు లేదు!

శివయ్య లేచి నిలబడ్డాడు. "మా మలుపేమైందమ్మా?"

"అక్కడ కొలిచినం అంకుల్. బండ్లన్నీ మెల్లగనే పోతున్నయ్. ఇంక బ్రేకరెందుకు?"

హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్లల్ని కాపాడుదామని పెట్టిన నిమ్మకాయలే పిల్లలకు రావలసిన బ్రేకరుకు అడ్డం పడ్డాయి. శివయ్య ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

తనూజ మర్నాడే వచ్చి మలుపు చూసింది. రోడ్డు మీద ఎర్రగా పడి ఉన్న నిమ్మచెక్కల్ని చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. "మా కాంట్రాక్టు గడువు ఈ నెలతోని అయిపోతది అంకుల్. పెంచుమని రాస్త. పెంచితే మళ్ళ కొలుస్తం. కానీ కొలిచినన్ని దినాలు మీరు ఇవి పెట్టకుర్రి" అంది. ఆ మాట మీద నిలబడింది కూడా. ఆఫీసు వాళ్ళు కొర్రీలు వేసినా వెంటపడి గడువు పెంచుకొచ్చింది. అయితే పెంచింది కొద్ది రోజులే. ఆలోగా బండ్లు జోరుగా పోతున్నట్టు తేలకపోతే మా మలుపు సంగతి ఇక అంతే.

కొలిచే మొదటి రోజు శివయ్య రోడ్డును తానే ఊడ్చాడు. నీళ్ళు కొట్టి మరకలు కూడా కడిగాడు. తనూజ బండ్ల వేగం కొలిచే స్పీడ్ గన్ పట్టుకుని మా దుకాణం అరుగు మీద కూర్చుంది. ఏ పిల్లకు ఏమవుతుందోనని నేను రోడ్డు వైపే చూస్తున్నాను.

మొదట ఒక పాలవ్యాను వచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించింది. ఉత్త రోడ్డు మీద దేన్నో తప్పించుకుంటున్నట్టు పక్కకు జరిగి, మెల్లగా పోయింది. దాని వెనక మోటార్ సైకిల్, అదీ అంతే. ఆ వెనక ఆటో, ఇసుక ట్రాక్టరు. వచ్చిన ప్రతి బండీ ఆ నడిమధ్య చోటును చుట్టుకునే పోతోంది. అలవాటు పడ్డారేమో అనుకున్నాను. కానీ వేరే జిల్లా నంబరున్న కొత్త కారు కూడా అలాగే పోయింది. తనూజ గన్ను దించి, నా మొహం చూసింది.

ఒక మోటార్ సైకిల్ అబ్బాయిని ఆపి అడిగాను. గుంత ఉంది కదా అన్నాడు. గుంత లేదు. ట్రాక్టరు డ్రైవరు కుక్క పడుకుందన్నాడు. కుక్కా లేదు. ఆఖరికి కిషన్‌బాగ్ నుంచి వచ్చిన ఒక ఆటో ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"వో బుడ్డీ బైఠీ సో దిఖ్రీ నై క్యా భాయ్?"

ముసలమ్మ కూర్చుని ఉంటే కనబడటం లేదా అని నన్నే అడుగుతున్నాడు. ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చుందట. పాపం ఎవరైనా లేపి ఇంటికి పంపండి అని చెప్పి వెళ్ళిపోయాడు. చుట్టూ ఎండ, మార్కెట్ అరుపులు, నూనె వాసన. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, అదే నన్ను భయపెట్టింది.

శివయ్య నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆ చోటు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. ఆయన మొహంలో భయం లేదు, ఆశ ఉంది. అది చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

కొలతకు పెట్టుకున్న రెండు రోజుల్లో ఇక మిగిలింది మర్నాడు ఒక్కటే. ఆ రోజూ బండ్లు ఇలాగే మెల్లగా పోతే బ్రేకరు రాదు. విమలాదేవి అక్కడ ఎన్నాళ్ళు కూర్చుంటుందో ఎవరికి తెలుసు? ఈ మాట శివయ్యతో అనడానికి నాకు ధైర్యం చాలలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు.

మర్నాడు నేను దుకాణం తెరిచేసరికి ఆయన రోడ్డు నడిమధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మనిషి ఉంటే మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు.

"చాలు విమలా. మస్తు చేసినవ్. ఇంక డ్యూటీ దిగు. నువ్వు గిట్ల కూసుంటె ఈల్లు బ్రేకరెయ్యరు. మున్నీ ఫికర్ చెయ్యకు, నేనున్న. లే, పో."

ఎదురుగా ఉన్న నేలను అరచేత్తో ఒకసారి తడిమాడు. మళ్ళీ అన్నాడు: "నాకు మాత్రం పొమ్మన బుద్ధయితదా?"

తర్వాత లేచి, ఒకరికి దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకున్నాడు. నేను ఉన్నచోటే రెండు చేతులూ జోడించాను.

తనూజ వచ్చి కూర్చున్న కాసేపటికి ఒక మోటార్ సైకిల్ రయ్యిమని వచ్చి, ఆ చోటు మీదుగానే దూసుకుపోయింది. శివయ్య తనకే తగిలినట్టు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ వెనక వ్యాను, ఆటోలు, కార్లు. ఒక్కటీ నెమ్మదించలేదు. తనూజ రాసుకుంటూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "వస్తది అంకుల్, డిజైన్ల పెట్టిస్త" అంది. శివయ్య తల ఊపాడు.

బడి వేళయింది. పిల్లలు గుంపుగా వచ్చి అంచున నిలబడ్డారు. కొలవడం అయిపోయిందని తనూజతో చెప్పించుకుని, శివయ్య రోడ్డు మీదికి దిగి చెయ్యెత్తాడు. ఒకడు హారన్ కొట్టాడు. ఇంకొకడు "ఓ ముసలోడా, చస్తవా!" అని అరుస్తూ పక్కనుంచి పోయాడు. ఎవ్వరూ ఆగలేదు. నేను గల్లా వదిలేసి పరుగున పోయి ఆయన పక్కన నిలబడ్డాను. తనూజ కూడా వచ్చింది. ముగ్గురం చేతులు చాపి అరిస్తే తప్ప బండ్లు ఆగలేదు. పిల్లలు దాటారు. మున్నీ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

శివయ్య రొప్పుతున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. నా భుజం పట్టుకుని అన్నాడు:

"ఒక్కతే ఎట్ల ఆపిందో సేటూ, గిన్ని దినాలు."