కోళ్ల గంప జరిపినప్పుడు

మొన్న మక్కకంకులు కాల్చే బొగ్గుల పొగ గొంతుకు తగిలి బెల్లంపల్లి గుర్తొచ్చింది. పొద్దుగూకితే మన క్వార్టర్ల వెనక ఇంటింటా బొగ్గుపొయ్యి రాజేసేవాళ్లు, యాదికుందా? మా ఇంట్లో ఆ పొయ్యి పక్కనే కోళ్లను గంప కింద కమ్మేవాళ్లం.

ఒకసారి కోళ్లన్నీ ముక్కులు కారుతూ గురగురమన్నాయి. అవ్వ తెగులనుకుని పసుపు, ఎల్లిపాయ నూరి మింగించింది. తగ్గలేదు. బాగా రొప్పుతున్న పెట్టను మాత్రం, మిగతావాటికి అంటకుండా ముందువాకిట్లో వేరే గంప కింద కమ్మింది. కొద్దిరోజులకు అదొక్కటే తేరుకుంది.

"గిది తెగులు గాదు, పొగ" అంటూ అవ్వ పెద్ద గంపను కూడా ముందువాకిట్లోకి జరిపింది. కోళ్లన్నీ కోలుకున్నాయి.

ఒక సాయంత్రం బొగ్గుబాయిలో డ్యూటీ దిగి వచ్చిన బాపు అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు.

"కోళ్లనైతే జరిపిన. నిన్ను ఏడికి జరపాలె?" అంది అవ్వ.

బాపు నవ్వబోయాడు. దగ్గే వచ్చింది.