గుండీల గిన్నె

మా ఎదురింటి కుట్టుమిషనమ్మకు ఒక్కతే కూతురు. నాలుగేళ్ల ఆ పిల్లను మాంటిస్సోరి బడిలో వేసింది. అక్కడ పిల్లలు నచ్చిన పని తామే తీసుకుని చేసుకుంటారట. సాయంత్రం తల్లి కుట్టు దుకాణానికి రాగానే పిల్ల ఎవరూ చెప్పకుండానే గుండీలను రంగురంగులుగా విడదీసేది.

కుట్టుమిషనమ్మ అత్తగారికి అది కంటగింపుగా ఉండేది.

"ఏడాదైనా అఆలు రాలేదు. గుండీలేరడానికి బడెందుకే, నీ మిషను కింద కూర్చోబెడితే చాలదూ?"

నాకు ఆగదు కదా, వెళ్లి అడిగాను. "బడి సంగతి ఏం తేల్చావే?"

"ఏం తేల్చను పిన్నిగారూ? రేపు పిల్ల వెనకబడితే అందరూ నన్నేగా అనేది!"

కొత్త తరగతులు మొదలవగానే మామూలు బడికి మార్చింది.

నిన్న మనవడి చొక్కా కోసం వెళ్లాను. పిల్ల అఆలు గడగడా అప్పజెప్పింది. నానమ్మ మురిసిపోయింది. అంతలో నా మోచేయి తగిలి గుండీల గిన్నె బోర్లాపడింది. పిల్ల చేతులు కట్టుకుని కూర్చున్నచోటే ఉంది.

"ఏరవేమే బంగారం?" అన్నాను.

వాళ్లమ్మ ముఖంలోకి చూసి, "తియ్యొచ్చా?" అంది.

"తియ్యమ్మా."

రంగులు చూడకుండా అన్నిటినీ ఒకే గిన్నెలో పోసేసి, పిల్ల మళ్లీ చేతులు కట్టుకుంది. కుట్టుమిషనమ్మ ఆ గిన్నె వైపు చూస్తూ మిషను తొక్కడం ఆపేసింది.